ఖాళీ లైనులో ట్యాబ్

నాకు ముక్కు మీద కోపం అంటారు. శుద్ధ అబద్ధం. ముక్కు దాకా ఎక్కేంత ఓపిక నా కోపానికి లేదు, దారిలో నోరు కనబడగానే బయటికి వచ్చేస్తుంది. అందుకని ఆఫీసులో నాకు చిరాకు అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళ మీద మొదట్లో మండిపడ్డాను. దాంతో పేరు ఖాయమైపోయింది. ఇప్పుడు ఆఫీసు చాట్‌లో కూడా నా పేరు అదే.

మా ఆఫీసు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. యంత్రాలతో పాటు వచ్చే చిన్న పుస్తకాలు రాయడం మా పని. వాషింగ్ మెషీను కొంటే డబ్బాలో అట్టముక్క కింద ఒక పుస్తకం ఉంటుంది చూడండి, కొన్న రోజు ఎవరూ చదవరు, పాడైన రోజు ఇల్లంతా వెతుకుతారు, అదీ. నీటి పంపులు, కుట్టు మిషన్లు, స్టెబిలైజర్లు, లిఫ్టులు, అన్నిటికీ మేమే. రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది, నాలుగు బల్లలు, చివర ఒక అద్దాల గది. బల్లల దగ్గర మేం నలుగురం. అద్దాల గదిలో యజమాని. ఆయన్ని పెద్దాయన అంటాం.

పెద్దాయనకి రెండు నియమాలు ఉన్నాయి. పదింటి నుంచి అయిదింటి దాకా ఆఫీసులో నోరు విప్పకూడదు, ఇది మొదటిది. ఒకడు మాట్లాడితే పక్కవాడి వాక్యం విరిగిపోతుందని ఆయన నమ్మకం. ఏం అడగాలన్నా చాట్‌లో అడగాలి. ఆ చాట్ కూడా విడిగా ఎక్కడో ఉండదు. మేం పుస్తకాలు రాసే ఎడిటరు అనే ప్రోగ్రాములోనే, తెర అడుగున నాలుగు వేళ్ళ వెడల్పున ఉంటుంది. పైన రాత, కింద మాట. ముప్పై ఏళ్ళ కిందట ఆయన ఆ ఎడిటరు ఒక్కటే నేర్చుకున్నారు, మాకూ అదే అంటగట్టారు. మంచి పనే చేశారు, ఆ ఎడిటరుని ఎవరైనా ఏమైనా అంటే నేను ఊరుకోను.

రెండో నియమం, ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు ముందు వాళ్ళ పేరు ఉండాలి. పేరు లేని ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. పేరు ఉంటే మాత్రం చెప్పి తీరాలి. తెలియదు అంటే కుదరదు, కనుక్కుని చెప్పాలి.

ఇప్పుడు ట్యాబ్ మీట దగ్గరికి వద్దాం. పేరులో మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు అదే నిండుతుంది, పక్కన రెండు చుక్కలు కూడా పడతాయి. బద్ధకస్తులు ఆ ఒక్క అక్షరం కూడా కొట్టరు. ఖాళీ లైనులో ట్యాబ్ నొక్కుతారు. అప్పుడు ఎడిటరు లిస్టులో మొదటి పేరు తెచ్చి పెడుతుంది. లిస్టు అక్షర క్రమంలో ఉంటుంది: అక్క, ఆర్టిస్టు, కామా, చిరాకు, పెద్దాయన.

అక్క అంటే నా సొంత అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్ద. కాకపోతే ఆఫీసులో అందరికీ అక్కే. పన్నెండేళ్ళుగా అక్కడ రాస్తోంది. ఆవిడ చేరిన నాలుగేళ్ళకి, నేను పోయిన ప్రతి చోటా ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకుని వస్తుంటే చూడలేక, నన్ను కూడా ఇక్కడే వేయించింది. నేను కంప్యూటర్లు చూసుకుంటాను, చిన్నాచితకా పుస్తకాలు రాస్తాను. మా ఇళ్ళు పక్కపక్క వీధుల్లో. కలిసి వస్తాం, కలిసి వెళ్తాం.

ఒక సోమవారం సాయంత్రం నడిచి ఇంటికి వెళ్తుంటే అక్క మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఉద్యోగం మానేస్తున్నాన్రా. కాగితం రాసి పెట్టాను. శుక్రవారం సాయంత్రం ఇచ్చేస్తా."

నేను రోడ్డు మధ్యలోనే ఆగిపోయాను. వెనక సైకిలువాడు తిట్టినా తిరిగి తిట్టలేదు.

"ఏమైంది?" అన్నాను చివరికి.

"ఏమవ్వాలి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిలుపులే. అక్కా అది, అక్కా ఇది. లిఫ్టు పుస్తకం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. మధ్యలో కరెంటు పోతే లోపల ఉన్నవాడు ఏం చెయ్యాలన్న పేజీ ఉంది చూడు, అక్కడే ఆగిపోయాను. ఒక వాక్యం రాస్తాను, మూడు పిలుపులు. ఇంకో వాక్యం రాస్తాను, నాలుగు పిలుపులు. నా వల్ల కాదు."

"ఎవరు అంతగా పిలుస్తోంది?"

"ఎవరు పిలవట్లేదో అడుగు."

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా నేను అక్క లేకుండా ఆ గదిలో కూర్చోలేదు. ఆవిడ సెలవు పెడితే నేనూ పెట్టేవాణ్ణి. నా మాట తీరుకి వారం తిరక్కుండా ఎవరో ఒకరు నన్ను బయటికి పంపిస్తారని, పంపకుండా ఆపుతున్నది ఆ పక్క బల్ల దగ్గరి మనిషేనని నాకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే చాట్ పాత లైన్లు తీసి కూర్చున్నాను. సోమవారం ఒక్కరోజులో అక్క పేరు మీద వచ్చిన ప్రశ్నలు తొంభై ఎనిమిది. నేనడిగినవి లెక్కలో వెయ్యలేదు, సొంత తమ్ముణ్ణి, నావి వేరు. ఆ తొంభై ఎనిమిదిలో అక్కకి తప్ప ఇంకెవరికీ తెలియనివి తొమ్మిది. మిగతావి ఇలా ఉన్నాయి. అక్క: ప్రింటరు ఆన్ చేసి ఉందా? అక్క: పన్నెండో పేజీ తర్వాత పదమూడే కదా? అక్క: కిటికీ మూసెయ్యనా? కిటికీ అడిగినవాడి పక్కనే ఉంది, అక్క బల్ల గదికి ఆ చివర ఉంది.

నేను తల తిప్పి ఆర్టిస్టు వేళ్ళ వైపు చూశాను. ఆర్టిస్టు అంటే పుస్తకాల్లో బొమ్మలు వేసేవాడు, నాకంటే చిన్నవాడు. ఎడమ చేతి చిటికెన వేలు తీసుకెళ్ళి ట్యాబ్ మీద పెట్టాడు, నొక్కాడు, ప్రశ్న కొట్టాడు, పంపాడు. ఆ పేరు వైపు చూడనైనా చూడలేదు.

టీ వేళకి వరండాలో నీళ్ళ ఫిల్టరు దగ్గర మాట్లాడుకోవచ్చు. అక్కడ పట్టుకున్నాను.

"పేజీ నంబర్లు చూసేది కామా కదా. అక్కని ఎందుకడిగావు?"

"నేను అక్కనడిగానా?" అన్నాడు. వాడు నటించడం లేదు. "లైను మొదట్లో ఏదో ఒక పేరు ఉండాలి కదన్నా. ట్యాబ్ కొడితే అదే వస్తుంది."

కామా పక్కనే ఉంది. ప్రూఫులు దిద్దే ఆవిడ. ఊపిరి తీసుకునే చోటల్లా కామా పెడుతుందని ఆ పేరు. వయసులో అందరికంటే పెద్దది, నెమ్మదిగా మాట్లాడుతుంది. "నాకూ అదే వస్తుంది బాబూ," అంది. "వచ్చినదాన్ని మార్చడం దేనికని ఉంచేస్తాను. అక్క కూడా జవాబు చెప్పేస్తుందిగా."

నేను లేచాను ఒంటికాలి మీద. మీ బద్ధకం తగలెయ్య, ఒక్క అక్షరం కొడితే వేళ్ళు అరిగిపోతాయా, ఆవిడ మనిషా, గోడకి పెట్టిన స్విచ్చా అని కడిగేశాను. ఆవిడ మానేస్తోందని కూడా చెప్పేశాను. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. కామా కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆర్టిస్టు కాసేపు నిజంగానే బాధపడి, తర్వాత ఏదో ఆలోచించాడు.

"అన్నా, అక్క వెళ్ళిపోతే లిస్టులో మొదటి పేరు ఎవరిది?"

"నీది."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ నిమిషం నుంచి అక్కని ఉంచడం కోసం వాడంత కష్టపడినవాడు లేడు.

బుధవారం ఇద్దరూ బుద్ధిగా అక్షరం కొట్టి పేరు తెచ్చుకున్నారు. పదిన్నర దాకా. తర్వాత చిటికెన వేలు దాని దారిన అది వెళ్ళిపోయింది. మనుషుల్ని మార్చడం నా వల్ల కాదని తేలిపోయింది, ఎడిటరుని మార్చడం నా చేతిలో పని.

ఆఫీసులో అయిదు కంప్యూటర్లూ పొద్దున తెరవగానే ఒకే సెట్టింగుల ఫైలు చదువుకుంటాయి. ఆ ఫైలు నాది. గురువారం సాయంత్రం అక్క చెప్పులు తొడుక్కుంటుండగా అందులో పదకొండు లైన్లు చేర్చాను. ఇకనుంచి ఖాళీ లైనులో ట్యాబ్ కొడితే లిస్టులో మొదటి పేరు రాదు, అందరికంటే చివర మాట్లాడినవాళ్ళ పేరు వస్తుంది. ఇందులో న్యాయం ఉంది. మనం ఎక్కువగా మాట్లాడేది ఇప్పుడే మాట్లాడినవాళ్ళతోనే కదా. అక్కకి చెప్పలేదు. చెబితే వద్దంటుంది. శుక్రవారం నేను కూడా ఆవిడని ఒక్క ముక్క అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

శుక్రవారం పదింటికి పెద్దాయన రోజూలాగే ఒక లైను పెట్టారు. "అందరికీ నమస్కారం. కుట్టు మిషను, స్టెబిలైజరు ప్రూఫులు ఇవాళే పూర్తి కావాలి." రోజుకి ఆయన రాసేది అదొక్కటే. తర్వాత అద్దాల గదిలో కూర్చుని పాత పుస్తకాలు తిరగేసుకుంటారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

ఆర్టిస్టు చిటికెన వేలు కదిలింది.

"పెద్దాయన: సూదిలో దారం ఎడమ నుంచి ఎక్కించాలా, కుడి నుంచా?"

అద్దాల గదిలో తల లేచింది. ఆయన ఆ లైనుని రెండుసార్లు చదివినట్టున్నారు. చొక్కా సర్దుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. ఇన్నేళ్ళకి తనని ఒకరు పని గురించి అడిగారు. "ఎడమ నుంచి" అని రాసి, కుర్చీలో వెనక్కి వాలి, మా వైపు చూసి చిన్నగా నవ్వారు.

రాశారు కాబట్టి చివర మాట్లాడింది ఆయనే. కామా ట్యాబ్ కొట్టింది. "పెద్దాయన: ఏడో పేజీలో జాగ్రత్త అన్న మాట ఎర్ర రంగులో వెయ్యాలా?" ఆయన హుషారుగా జవాబిచ్చారు. కాబట్టి చివర మాట్లాడింది మళ్ళీ ఆయనే. ఆర్టిస్టు ట్యాబ్. ఆయన జవాబు. కామా ట్యాబ్. ఆయన జవాబు. ఇద్దరూ ఒకేసారి అడిగినప్పుడు ఒకటి అరా దారి తప్పి ఒకరివి ఒకరికి వెళ్ళాయి గానీ, పెద్దాయన అంత తొందరగా జవాబు చెబుతుంటే తప్పిపోవడానికి సందు ఏదీ?

పదకొండింటికి నేను చేసిన పని నాకు అర్థమైంది. జవాబు చెప్పినవాడే చివర మాట్లాడినవాడు, చివర మాట్లాడినవాడికే తర్వాతి ప్రశ్న. ఒకసారి ఇందులోకి దిగినవాడికి పైకి వచ్చే దారి లేదు. నోరు మూసుకుంటే బయటపడొచ్చు, కానీ అడిగితే చెప్పి తీరాలన్నది ఆయన పెట్టిన నియమమే.

పన్నెండు దాటేసరికి పెద్దాయన నవ్వడం మానేశారు. "పెద్దాయన: నీటి పంపు తలకిందులుగా బిగించవచ్చా?" దీనికి ఆయన అల్మరా తీసి పుస్తకాలన్నీ కింద పరిచి వెతికి, దొరక్క, "అవసరమైతే బిగించవచ్చు" అని రాశారు. "పెద్దాయన: కాగితం కొత్త కట్ట ఎక్కడుంది?" దీనికి స్వయంగా గది లోంచి వచ్చి, బల్లల కింద దూరి, మోకాళ్ళ మీద పాక్కుంటూ వెతికారు. వెతుకుతుండగా లోపల ఆయన కంప్యూటరు మీద ఇంకో మూడు వచ్చాయి. భోజనం డబ్బా మూత తీసి, ఒక ముద్ద కలిపి, ఆ ముద్ద అలాగే పెట్టి కీబోర్డు మీదికి వెళ్ళారు. చొక్కా బయటికి వచ్చేసింది. కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కింది, దాని కోసం ఆయన సొరుగులో వెతుకుతున్నారు.

ఒకటిన్నరకి ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"ఒక్క నిమిషం ఆగండయ్యా," అన్నారు పైకే.

ఆ గదిలో పని వేళ మనిషి గొంతు వినబడటం అదే మొదటిసారి. అందరం తలలు తిప్పాం. ఒక క్షణం ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. తర్వాత ఆర్టిస్టు ట్యాబ్ కొట్టాడు.

"పెద్దాయన: మీరేమన్నారు?"

నేను ఆ పదకొండు లైన్లూ తీసేసి ఉండొచ్చు. అర నిమిషం పని. తీస్తే మళ్ళీ అక్క పేరే వస్తుంది. అక్క బల్ల దగ్గర్నుంచి పొద్దున్నుంచీ ఆగకుండా మీటల చప్పుడు వస్తోంది, అలాంటి చప్పుడు విని ఏళ్ళయింది. పెద్దాయన మీద జాలేసింది గానీ, ఆ చప్పుడు వింటూ తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

మూడింటికి ఆ చప్పుడు ఆగింది. అక్క లేచి ప్రింటరు దగ్గరికి వెళ్ళింది. లిఫ్టు పుస్తకం అయిపోయింది. నాలుగు నెలల పని అయిదు గంటల్లో. కాగితాలు దొంతి సర్ది బల్ల మీద పెట్టుకుని, ఒళ్ళు విరుచుకుని, అప్పుడు చాట్ వైపు చూసింది. కిందికీ పైకీ జరిపింది. లేచి నా దగ్గరికి వచ్చి, స్టూలు లాక్కుని, గొంతు తగ్గించి అడిగింది.

"చాట్ పాడైందా?"

"లేదే."

"పొద్దున్నుంచి నన్నెవరూ పిలవలేదేం?"

నేను ఇక ఆగలేకపోయాను. గొప్పగా చెప్పుకున్నాను. ఖాళీ లైను, ట్యాబ్, అక్షర క్రమం, మొదటి పేరు, పదకొండు లైన్లు, మొత్తం. మెచ్చుకుంటుందని చూస్తున్నాను. అక్క మొహంలో ఏదో తగ్గిపోతూ వచ్చింది.

"అంటే వీళ్ళు అడిగింది నన్ను కాదన్నమాట," అంది.

"కాదక్కా, అదే చెప్తున్నా. ట్యాబ్ వల్ల..."

"ఇన్నేళ్ళూ?"

అవునన్నట్టు తలూపాను.

"విసుక్కున్నానురా, నిజమే. ఇంటికొచ్చి మీ బావ దగ్గర తిట్టుకున్నాను. కానీ లోపల ఏమనుకునేదాన్నో తెలుసా? నేను లేకపోతే వీళ్ళకి గడవదు అనుకునేదాన్ని. జ్వరంతో కూడా ఆ మాట అనుకునే లేచి వచ్చేదాన్ని. తీరా చూస్తే మొదట నా పేరు ఉంది కాబట్టి నొక్కారు. అంతే."

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆవిడని ఉంచుదామని మొదలుపెట్టి, ఉండటానికి ఆవిడ దగ్గర ఉన్న ఒక్క కారణాన్నీ నా చేతులతో పీకి పారేశాను. అక్క సొరుగులోంచి కవరు తీసుకుని, సాయంత్రం దాకా ఆగకుండా అప్పుడే అద్దాల గదిలోకి వెళ్ళింది.

నేను ప్రింటరులో కాగితం పెడుతున్నట్టు వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాను. తలుపు సగం తెరిచే ఉంది.

పెద్దాయన రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నారు. అక్క కవరు బల్ల మీద పెట్టింది. ఆయన దాని వైపు చూడలేదు.

"వచ్చావా అమ్మా. ముందు ఇది చెప్పు. స్టెబిలైజరుని ఫ్రిజ్ మీద పెట్టవచ్చా?"

"పెట్టకూడదు సార్. వేడెక్కుతుంది. గోడకి బిగించాలి."

"నేను పెట్టమని చెప్పేశాను."

"ఎవరికి?"

"కామాకి. ఆవిడ ప్రూఫులో దిద్దేసింది కూడా."

అక్క కుర్చీ లాక్కుంది. "ఇంకా ఏమేం చెప్పారు?"

ఆయన చిన్న నోటు పుస్తకం తీశారు. చెప్పినవన్నీ రాసుకున్నారు పాపం. ఒక్కొక్కటే చదివారు. నీటి పంపు తలకిందులుగా అన్న చోట అక్క కళ్ళు మూసుకుంది. దారం ఎడమ నుంచి అన్నది కూడా తప్పే. ఎర్త్ వైరు గురించి ఆయన చెప్పింది విని మాత్రం లేచి నిలబడిపోయింది. ఆ పేజీ ఎక్కడుందో అడిగి, పెన్ను తీసుకుని అక్కడికక్కడే కొట్టేసి సరైనది రాసింది. అలా అరగంట.

"డెబ్బై రెండు చెప్పానమ్మా," అన్నారాయన చివరికి. "నలభై తప్పు."

"మీ తప్పు కాదు సార్. మిమ్మల్ని అడిగింది వాళ్ళు కాదు, ట్యాబ్. మా తమ్ముడు మార్చాడు. నిన్నటిదాకా నన్నూ అదే అడిగింది."

పెద్దాయన నుదుటి మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అడిగింది ట్యాబే కావచ్చు," అన్నారు. "జవాబు ట్యాబ్ చెప్పలేదుగా అమ్మా. నన్నూ అదే అడిగింది. నేనేం చెప్పానో చూశావుగా."

నాకు వెనక నుంచి అక్క భుజాలు మాత్రమే కనబడుతున్నాయి. పెద్దాయనకి అప్పుడు కవరు కనబడింది.

"ఇదేంటి?"

"రాజీనామా సార్."

"సోమవారం ఇవ్వమ్మా," అన్నారాయన. "ఇవాళ నన్నింకేమీ అడక్కు. నీకు దణ్ణం పెడతాను."

అక్క కవరు తీసుకుని బయటికి వచ్చింది. ప్రింటరు దగ్గర నన్ను చూసి కూడా చూడనట్టు నడిచి, నేరుగా నా బల్ల దగ్గర ఆగింది. నేను వెనకాలే వెళ్ళి కూర్చున్నాను.

"ముందు దాన్ని ఆయన మీంచి తియ్యి," అంది గుసగుసగా. "ఖాళీ లైనులో ట్యాబ్ కొడితే ఎవరి పేరూ రాకూడదు. అడగాలనుకున్నవాడు ఎవరిని అడుగుతున్నాడో వాడికి తెలియాలి."

పదకొండు లైన్లూ తీసేసి ఒకే ఒక్క లైను పెట్టి, అందరి ఎడిటర్లకీ పంపించాను. గది అవతల ఆర్టిస్టు ట్యాబ్ కొట్టాడు. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. కీబోర్డు ఎత్తి, బోర్లించి, అడుగున తట్టాడు. చివరికి చాలా కష్టం మీద ఒక అక్షరం కొట్టడం నేను కళ్ళారా చూశాను.

"ఇప్పుడు సోమవారానిది తియ్యి," అంది అక్క. "నన్ను ఎవరెన్నిసార్లు పిలిచారు, ట్యాబ్‌తో ఎన్ని, పేరు కొట్టి ఎన్ని. తెలుస్తుందా?"

తెలుస్తుంది. మా ఎడిటరు ఏ మీట ఎప్పుడు నొక్కామో కూడా రాసి పెట్టుకుంటుంది. తెలియదని అబద్ధం చెబుదామా అనుకున్నాను, అప్పటికే ఆవిడ స్టూలు మీద కూర్చుంది. లెక్క తీశాను. ఆర్టిస్టు యాభై ఆరు, అన్నీ ట్యాబ్. కామా నలభై రెండు, అన్నీ ట్యాబ్. పెద్దాయన సున్నా. చిరాకు నలభై ఏడు. ట్యాబ్ సున్నా.

అక్క స్క్రీన్ దగ్గరికి వంగింది.

"నీది ట్యాబ్ సున్నా ఏంట్రా?"

"నేను పేరు మొత్తం చేత్తోనే కొడతాను. వాడెవడో నింపి పెడితే నాకు చిరాకు."

"అంటే ఈ నలభై ఏడూ నన్నే అడిగావు."

"మరెవర్ని అడుగుతాను?"

"ఏం అడిగావు?"

నేను అడ్డుపడేలోపు ఆవిడే మీట నొక్కి తెరిచేసింది. ఒక్కొక్కటే గొణుగుతూ చదవడం మొదలుపెట్టింది. గొడుగు తెచ్చావా. బీపీ మాత్ర వేసుకున్నావా. ఈ వాక్యం బాగుందా. మార్చాను, ఇప్పుడు బాగుందా. ఆర్టిస్టు కాలు ఊపుతున్నాడు, ఒకటి వెయ్యనా. ఆకలేస్తోందా. పెద్దాయనకి ఎదురు చెప్పనా, ఊరుకోనా. బస్సా, నడకా. నడకే కదా. అలా చదువుతూ ఒక చోట ఆగింది. మధ్యాహ్నం రెండుంపావుకి నేను పంపిన లైను. "అక్క: ఏం లేదు."

నా మొహం కందగడ్డయింది. నలభై ఏళ్ళ మనిషిని. ఆవిడ నాలుగు నెలలు రాయలేకపోయిన పేజీలో మూడో వంతు దోషం నాదని అక్కడ నల్లగా అచ్చయి ఉంది.

"మిగతావాళ్ళని తిట్టావట టీ దగ్గర. కామా చెప్పింది," అంది అక్క.

"తిట్టాను."

"ఇవాళ నువ్వెన్ని అడిగావు?"

"ఒక్కటీ అడగలేదు. నీ పని అవ్వాలని."

"పదింటి నుంచి?"

"పదింటి నుంచి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను అక్కా. నా వల్ల కావట్లేదు. నువ్వు వెళ్ళిపోతే నేను ఇక్కడ ఉండలేను. ఉండను కూడా."

ఇంత మాట పైకి అంటానని నేననుకోలేదు. అనేశాక ఎటు చూడాలో తెలియలేదు. అక్క చేతిలో కవరు అలాగే ఉంది. లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళి, నా వైపు చూడకుండా కూర్చుంది.

అయిదవడానికి పది నిమిషాలుంది. నేను స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ భుజం కదిలింది, తర్వాత ఆగింది, మళ్ళీ కదిలింది. ఆవిడ చిటికెన వేలు ట్యాబ్ వైపు వెళ్ళలేదు, అది మాత్రం స్పష్టంగా చూశాను.

"చిరాకు: ఇవాళ నడిచే వెళ్దాం. సోమవారం నుంచి రోజూ తొమ్మిదిన్నర బస్సు. ఆలస్యం చేస్తే నిన్ను వదిలేసి నేనొక్కదాన్నే వచ్చేస్తాను."

పేరు పెట్టి రాస్తే జవాబు చెప్పి తీరాలి. నాకేమో అక్షరాలు కనబడటం లేదు, కళ్ళు చెమర్చి అంతా అలికేసినట్టుంది. చొక్కా చేతితో తుడుచుకుంటూ తలెత్తితే, ఆర్టిస్టు నన్నే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఏంట్రా చూస్తున్నావు, మనిషి కంట్లో ఎప్పుడూ నలక పడదా అని వాడి మీద విరుచుకుపడ్డాను, పని వేళ అని కూడా చూడకుండా, పైకే.